గేజి అద్దం మీద బొట్టు

1979. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసు నుంచి హార్బరు వైపు దిగే సందులో మా షాపు ఉండేది. షాపంటే రెండు బల్లలు, ఓ నూనె తొట్టి, గోడ నిండా రిపేరుకొచ్చిన గేజీలు. బాయిలరు వేడి చూపించేవి, ఐస్ ఫ్యాక్టరీ చల్లదనం చూపించేవి, బోటు ఇంజన్లో నీళ్లు ఎంత కాగాయో చెప్పేవి, అన్నీ ఆ గోడకే వేలాడేవి. రిపేరుకొచ్చినవి కదా, ఏ రెండు ముళ్లూ ఒక మాట మీద ఉండేవి కావు.

ఆ రోజుల్లో మాకు ఎక్కువగా వచ్చే పని డిగ్రీలు మార్చడం. పాత మిషన్లన్నీ ఇంగ్లండు సరుకు, వాటిది ఫారన్‌హీట్ లెక్క. కొత్త పుస్తకాలదీ కొత్త ఇంజనీర్లదీ సెంటిగ్రేడ్. జనం మాత్రం రెండిటితోనూ హాయిగా కాపరం చేసేవారు. ఒంట్లో జ్వరం ఫారన్‌హీట్‌లో, వీధిలో ఎండ సెంటిగ్రేడ్‌లో. నూట రెండు జ్వరమంటే ఇంటిల్లిపాదీ బెంగపడేవారు, నలభై ఎండంటే తలకి తువ్వాలు చుట్టుకునేవారు. ఈ రెండు లెక్కలకీ చుట్టరికం ఉందని ఎవరికీ పట్టేది కాదు.

లెక్క పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఫారన్‌హీట్ అంకెలోంచి ముప్పై రెండు తీసేసి, మిగిలినదాన్ని ఐదుతో హెచ్చవేసి, తొమ్మిదితో భాగిస్తే సెంటిగ్రేడ్ వస్తుంది. గేజి విప్పి, డయలు రేకుకి తెల్లరంగు వేసి, ఆ లెక్క ప్రకారం సన్న కుంచెతో కొత్త అంకెలు రాసేవాణ్ని. ముల్లూ అదే, దాని నడకా అదే. కింద అంకెలు మారేవి, అంతే. లోపలి స్ప్రింగు పోయినవాటికి మాత్రం కొత్త గేజి తెప్పించి బిగించేవాణ్ని.

నాదో దిక్కుమాలిన స్వభావం. తూర్పుగోదావరి నుంచి వచ్చి పోర్టు వర్క్‌షాపులో కొన్నేళ్లు పనిచేసి, ఒకరి కింద ఇమడలేక ఈ షాపు పెట్టుకున్నాను. ఇక్కడా నెమ్మది లేదు. ఏ ఊరి చివరో బిగించొచ్చిన గేజి నా బుర్రలో తిరుగుతూనే ఉండేది. నట్టు సరిగ్గా పట్టిందా, ముల్లు ఎక్కడైనా రాసుకుంటోందా అని ఒకటే పీకులాట. "అన్నం ముందు కూర్చుని కూడా ముల్లే చూస్తున్నారు, ముద్ద కాస్త నోట్లో పెట్టుకోండి" అని మా ఆవిడ దెప్పుతుండేది.

ఆ ఏడాది వానాకాలంలో ఊళ్లోనే ఓ చిన్న నర్సింగ్‌హోమ్‌లో ఆటోక్లేవ్ గేజి మార్చాను. ఆటోక్లేవ్ అంటే ఆపరేషన్ సామాను ఆవిరిలో ఉడికించే పెద్ద కుక్కరు అనుకోండి. కత్తెరలు, గుడ్డలు, దూది డ్రమ్ముల్లో సర్ది లోపల పెట్టి, మూత బిగించి, కింద బర్నరు వెలిగిస్తారు. లోపలి వేడి 250 ఫారన్‌హీట్‌కి చేరాక ఇరవై నిమిషాలు అక్కడే నిలపాలి. మొండి క్రిములు అప్పుడుగానీ చావవు. 250 అంటే సెంటిగ్రేడ్‌లో 121.

అక్కడి పాత గేజి స్ప్రింగు సాగిపోయింది. అద్దం మీద ఏళ్ల తరబడి పెట్టిన కుంకుమ ఒకేచోట అట్టకట్టి ఉంది. దాన్ని తీసేసి కొత్త సెంటిగ్రేడ్ గేజి బిగించాను. 121 దగ్గర అద్దం మీద ఎర్రరంగుతో సన్నగీత గీశాను. హెడ్ సిస్టరు మేరీ గారి ఎదురుగా ఓసారి నడిపించి చూపించాను. ఆవిడ చక్కటి అక్షరాలతో ఇంగ్లీషులో ఓ కాగితం రాసి గోడకి తగిలించారు. పక్కనున్న ప్రెషర్ గేజి ముల్లు ఎప్పుడో చచ్చి సున్నా దగ్గర పడుకుందని కూడా చెప్పాను. వచ్చే నెల చూద్దామన్నారు.

దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. ఓ పొద్దున ఎర్రయ్య షాపుకొచ్చాడు. ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు డ్రైవరు, అతని ఇంజను గేజికి నేనే వైద్యుణ్ని. వేట నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, లుంగీ ఇంకా ఆరలేదు.

"ఏంటి ఎర్రయ్యా, ఇంజను మళ్లీ కాగిపోతోందా?"

"ఇంజనుకేటి బావ, గుండ్రాయిలాగుంది. మా ఇంటిదానికే బాగోనేదు. ఆపరేసన్ సేసి బిడ్డని తీసినారు గదా, కుట్లు మానడం నేదు. సీము పడతంది. పక్క మంచాలోల్లు ఇద్దరికీ అలగేనంట." గొంతు తగ్గించాడు. "ఆవిరి మిసను కాడ ఏదో తేడా వచ్చినాదని సిస్టర్లు గుసగుసలాడుకుంటన్నారు. కొత్త మీటరు ఎట్టినకాడ్నించీనంట."

కొత్త మీటరు పెట్టింది నేనేనని అతనికి తెలీదు. అతని మొహం చూడలేక బల్ల మీది స్క్రూలు ఏరడం మొదలెట్టాను. అతను వెళ్లగానే షాపు తలుపులు దగ్గరకి లాగి సైకిలెక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన: గేజిని మరిగే నీళ్లలో పెట్టి చూశానా, లేదా? చూశాను. చూసినట్టు బాగా గుర్తు. అయినా గుండె నమ్మదే!

డాక్టరమ్మ గుమ్మంలోనే కనబడ్డారు. ఆవిడది కృష్ణాజిల్లా, మాట సూటిగా ఉంటుంది.

"మీరే వచ్చారా? నేనే కబురు పెడదామనుకుంటున్నాను. మూడు కేసులండీ, మూడూ దసరా తర్వాత చేసినవే. మందులు మార్చాను, థియేటర్ కడిగించాను. ఇంక మిగిలినవి రెండే. మీ గేజి, లేకపోతే దాన్ని నడిపే పైడమ్మ. ఆపరేషన్లన్నీ పెద్దాసుపత్రికి పంపేస్తున్నాను. రేపు సాయంత్రానికి తేల్చండి. గేజి తప్పయితే గేజి పోతుంది. గేజి సరిగ్గా ఉంటే పైడమ్మ పోతుంది."

పైడమ్మ అక్కడే నిలబడి ఉంది. విజయనగరం వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి, నలభై దాటి ఉంటాయి. ఆ ఆటోక్లేవ్ దగ్గర పనిలో పడి చాలా ఏళ్లయింది. భర్తకి చూపు పోయి ఇంటి పట్టునే ఉంటాడు, ఆవిడ జీతం మీదే ఇల్లు నడుస్తుంది.

వెనక వరండాలో నేను గేజి విప్పుతుంటే పక్కనే కూలబడింది.

"బాబూ, నాను సేతులు మోసేతుల దాకా సబ్బెట్టి కడుగుతన్నాను. గుడ్డలు మూడు నీల్లలో జాడిత్తన్నాను. గడియారం సూసి గానీ బర్నరు ఆపను. ఇంకేటి సెయ్యమంటారు నన్ను?"

"గేజి చూడనీ పైడమ్మా. అందాకా ఏదీ అనుకోకు."

"మీ మీటరు సెడిపోయినాదని తేలితే బాగున్ను బాబూ" అంది. అని నాలిక్కరుచుకుంది. "మీ మీద కోపమేటీ నేదు."

నాకు కోపం రాలేదు. నా బాధ వేరే. గేజి తప్పని తేలితే నేను బిగించిన సరుకు మూలాన ముగ్గురు ఆడవాళ్లు మంచాన పడ్డట్టు. సరైనదని తేలితే ఈవిడ పొట్ట కొట్టినట్టు. ఎటు తేలినా నాకు ముద్ద దిగదు. ఆ గేజిని గుడ్డలో చుట్టి సైకిల్ హేండిల్‌కి తగిలించిన సంచిలో వేసుకుని తొక్కుతుంటే షాపు దగ్గర మలుపు కూడా దాటిపోయాను.

షాపులో ముందు అద్దం మీది పసుపూ కుంకుమా తడిగుడ్డతో తుడిచేశాను, అంకెలు కనబడాలి కదా. తుడిచాక చూస్తే నేను గీసిన ఎర్రగీత కూడా లేదు. కుంకుమతో పాటే పోయిందనుకుని ఊరుకున్నాను.

గేజి వెనకుండే సన్న కాడని మరిగే నీళ్లలో పెట్టాను. మాది సముద్రం ఒడ్డు ఊరు కాబట్టి నీళ్లు నూరు దగ్గరే మరుగుతాయి. ముల్లు లేచి, వణికి, నూరు మీద నిలబడింది. తర్వాత నూనె తొట్టి కాచి, పక్కన మంచి గాజు థర్మామీటరు పెట్టి, నిదానంగా వేడి పెంచాను. దానిలో 121 వచ్చేసరికి దీనిలోనూ 121. చల్లార్చి మళ్లీ చూశాను, అదే. మూడోసారి చూశాను, అదే. తప్పు చూపించవే తల్లీ అని గేజిని బతిమాలుకున్న మెకానిక్కు నేనొక్కణ్నే అయ్యుంటాను. నా పని సరిగ్గా ఉన్నందుకు నాకు ఏడుపొచ్చింది.

ఇక ఊరికే కూర్చోలేకపోయాను. కాలు కాలిన పిల్లిలా షాపులోనే తిరిగాను. గేజి సరే, ఆవిరి డ్రమ్ముల లోపలికి వెళ్లడం లేదేమో? మూత దగ్గర కారిపోతోందేమో? అది తేల్చడానికి ఓ ఉపాయం ఉంది. బెంజాయిక్ ఆమ్లం అని ఒక తెల్లపొడి. మందుల తయారీవాళ్ల దగ్గర దొరుకుతుంది. సరిగ్గా 121, 122 దగ్గర కరిగి నీరవుతుంది, చల్లారితే గడ్డకడుతుంది. చిటికెడు పొడి సన్న గాజుగొట్టంలో వేసి, మూతి కరిగించి మూసి, డ్రమ్ము మధ్యలో పెడితే చాలు. లోపల 121 వచ్చిందా లేదా అన్నది ఆ పొడే చెబుతుంది, మనిషి సాక్ష్యం అక్కర్లేదు.

మర్నాడు గేజి తిరిగి బిగించాను. గాజుగొట్టాన్ని గుడ్డల మధ్య దూర్చి డ్రమ్ము లోపల పెట్టించాను. "రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి పైడమ్మా. నేనున్నానని ఏదీ మార్చకు" అని చెప్పి, ఓ స్టూలు లాక్కుని కూర్చున్నాను. కూర్చోవడం పేరుకే, కాలు ఊపుతూనే ఉన్నాను.

పైడమ్మ మూత బిగించింది. బర్నరుకి గాలి కొట్టి వెలిగించింది. ఆవిరి పట్టి లోపలి గాలి పోనిచ్చి, కుళాయి కట్టేసింది. అన్నీ పద్ధతిగా ఉన్నాయి, వంక పెట్టడానికేమీ లేదు. అప్పుడు గేజి వైపు చూసి మొహం చిట్లించింది.

"మీటరు బోడి మొగంతో ఉన్నాదేటి బాబూ? మీరు తుడిసీసినారా?"

"అంకెలు కనబడాలి కదా."

"అయితే మాత్తరం!" అంటూ గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చింది. బొటనవేలు ముంచి, కళ్లు మూసుకుని ఏదో అనుకుని, అద్దం మీద ఒక్క బొట్టు పెట్టింది. వెతుక్కోలేదు, ఆలోచించలేదు. గడియారంలో రెండు గంటలుండే చోటికి, మెట్టె తొడగడానికి కాలివేలు వెతుక్కోనక్కర్లేనట్టు, బొటనవేలు తిన్నగా వెళ్లింది.

నేను కాలు ఊపడం ఆపేశాను.

ముల్లు నెమ్మదిగా లేచింది. ఎనభై, తొంభై, నూరు. బొట్టు దగ్గరకొచ్చి ఎరుపులో దూరింది. పైడమ్మ బర్నరు మంట తగ్గించి గోడ గడియారం చూసింది. "వచ్చీసినాది" అని గట్టిగా కేకేసింది. లోపల్నుంచి మేరీ సిస్టరు గొంతు, "సరే పైడమ్మా, టైమ్ చూసుకో" అంది.

లేచి దగ్గరికెళ్లి చూశాను. ముల్లు 112 మీద ఉంది. 121కి ఇంకా అర అంగుళం దూరం.

అప్పుడు మొత్తం అర్థమైంది. పాత గేజి డయలు 100 నుంచి 300 ఫారన్‌హీట్ దాకా. దానిలో 250 రెండు గంటల చోట ఉండేది. కొత్త గేజి సున్నా నుంచి 150 సెంటిగ్రేడ్ దాకా. దానిలో 121 వచ్చేది మూడు గంటల చోటుకి కాస్త ముందు. అదే పాత డయలు మీద నేను అంకెలు తిరగరాసి ఉంటే బొట్టు చోటు మారేదే కాదు. కొత్త గేజి, కొత్త కొలతల పరిధి, కాబట్టి చోటు జరిగింది.

"పైడమ్మా, దసరాకి ఈ గేజిని ఏం చేశావు?"

"ఏటి సేత్తాను బాబూ, ఆయుద పూజకి అన్ని మిసన్లకీ సేసినట్టే. కిరసనాయిలెట్టి అద్దం తళతళమనీలాగ తోమినాను. పసుపు రాసి బొట్టెట్టినాను."

"అద్దం మీద సన్న ఎర్రగీత ఉండాలి..."

"ఎవుడో రంగు సుక్క పడేసినాడనుకున్నాను. తోమీసినాను."

"మరి బొట్టు అక్కడే ఎందుకు పెట్టావు?"

వింత ప్రశ్న అడిగినట్టు చూసింది నా వైపు. "పాత సిస్టరమ్మ ఉన్నప్పుడు సూపించినాది. ముల్లు ఈడికి వత్తే మంట తగ్గించు, అనేసి. ఆ సోటనే ఏటేటా అమ్మోరి పేరు సెప్పి ఎడతన్నాను. అమ్మ బొట్టు సోటు మారుద్దేటి బాబూ?"

ఇరవై నిమిషాలయ్యాక, ఆవిరి వదిలాక, డ్రమ్ము తెరిచాను. గాజుగొట్టంలో పొడి ఎలా పోశానో అలాగే, పిండిలా కదులుతోంది. కరగలేదు.

గొట్టం చేతిలోకి తీసుకున్నాను. చెబితే ఈవిడ ఉద్యోగం పోతుంది. చెప్పకుండా నేనే గుట్టుగా ఎర్రగీత మళ్లీ గీసేసి, "గేజిలో చిన్న తేడా, సరిచేశాను" అని నా నెత్తిన వేసుకోవచ్చు కూడా. ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చింది, అబద్ధమెందుకు. కానీ వచ్చే దసరాకి మళ్లీ తోముతుంది, మళ్లీ అక్కడే పెడుతుంది. అప్పుడు మంచం మీద ఎవరుంటారో?

డాక్టరమ్మనీ మేరీ సిస్టరునీ వరండాలోకి పిలిచి, పొడి చూపించి, బొట్టు చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది.

"అంటే బొట్టు చూసుకుని ఆటోక్లేవ్ నడిపావా? గోడ మీద అంత పెద్ద కాగితం పెట్టి ఉంటే!"

"అది ఇంగిలీసు కాగితం గదమ్మా" అంది పైడమ్మ. ఇంకా ఏదో అనబోయి, నా చేతిలో ఉన్న గొట్టం చూసి ఆగిపోయింది. సంగతి అప్పుడు ఎక్కినట్టుంది. "అయితే... ఆ ముగ్గురికీ నానే సేసినానా బాబూ? నా సేత్తోనేనా?" అని గోడ పట్టుకుంది.

మేరీ సిస్టరు స్టూలు ఆవిడ వైపు జరిపారు. 

"ఈ రోజుతో నీ..." అని డాక్టరమ్మ మొదలుపెట్టగానే మేరీ సిస్టరు అడ్డుపడ్డారు. ఆవిడ డాక్టరమ్మ మాటకి ఎదురాడటం నేనెప్పుడూ చూడలేదు.

"డాక్టర్ గారూ, కొత్త గేజి పెట్టిన రోజు ఆవిణ్ని ఎవరూ పిలవలేదు. నేను చూశాను, కాగితం రాశాను, సరిపోయిందనుకున్నాను. దసరా దాకా నేనే ముల్లు చూసి మంట తగ్గించమన్నాను. ఆ తర్వాత లోపల్నుంచే రోజూ 'వచ్చిందా' అని అడిగాను. 'వచ్చింది' అంది. ఎంత వచ్చిందని ఒక్కరోజూ అడగలేదు. పంపిస్తే ఇద్దర్నీ పంపించండి."

డాక్టరమ్మ గొట్టం నా చేతిలోంచి తీసుకుని వెలుతురుకి ఎత్తి చూశారు. "పొడి ఇంకా ఉందా మీ దగ్గర?" అన్నారు. ఉందన్నాను. "అయితే మళ్లీ నడపండి. ఈసారి ఆవిడే నడపాలి, నేను చూస్తాను."

పైడమ్మ మళ్లీ బర్నరు వెలిగించింది. ముల్లు బొట్టు దాటి ముందుకెళ్తుంటే ఆవిడకి భయం, మిషను పేలిపోతుందేమోనని. చెయ్యి మంట మీదికి పోతోంది, తగ్గించెయ్యాలని. "ఉండు, ఉండు, ఇంకా ఉంది" అంటూ నేను. ముల్లు 121కి చేరింది. అద్దం మీద వేలు ఆనించి, "ఇదే చోటు" అన్నాను. డ్రమ్ము తీసేసరికి గొట్టం అడుగున పొడి కరిగి గాజుకి అంటుకుని గడ్డకట్టింది. పైడమ్మ ఆ గొట్టాన్ని కొంగులో ముడేసుకుంది. అడిగినా ఇవ్వలేదు.

ఎర్రయ్య భార్యకి డాక్టరమ్మ కుట్లు విప్పి, పుండు శుభ్రం చేసి, మళ్లీ వేశారు. మిగతా ఇద్దరికీ అంతే. మానడానికి చాలా రోజులు పట్టింది, కానీ మానాయి. అన్నాళ్లూ పైడమ్మ తన పనయ్యాక ఇంటికి పోకుండా వాళ్ల మంచాల దగ్గరే ఉండేది. ఎర్రయ్య భార్యతో తనే చెప్పుకుందట, నా మూలాన్నే అని. ఆ పిల్ల కొంతసేపు మొహం అటు తిప్పుకుని, తర్వాత బిడ్డని తీసి ఈవిడ చేతిలో పెట్టిందని ఎర్రయ్యే చెప్పాడు. ఆ గేజి బిగించింది నేనేనని అప్పుడతనికి చెప్పాను. "ఓర్నీ, నువ్వేనేటి బావ! ఆ పొద్దు మొగం అలగెట్టినావేటని అనుకున్నాను" అని నా వీపు మీద ఒకటి చరిచి వెళ్లాడు.

ఆ తర్వాత ఎన్ని గేజీలు మార్చానో లెక్కలేదు. గాజువాక వైపు ఉక్కు కర్మాగారం పనులు మొదలయ్యాక కాంట్రాక్టర్ల షెడ్ల నుంచి బస్తాలకొద్దీ వచ్చాయి. కొత్త కుర్ర ఇంజనీర్లు కాగితం మీద డిగ్రీలు మార్చి నా చేతిలో పెట్టేవారు, లెక్క ఎప్పుడూ తప్పేది కాదు. నేను మాత్రం ఆ కాగితం జేబులో పెట్టుకుని, ముందు మిషను దగ్గరుండే మనిషిని వెతుక్కుంటూ పోయేవాణ్ని. "ఇన్నాళ్లూ ముల్లు ఎక్కడికొస్తే ఆపుతున్నావు? వేలు పెట్టి చూపించు" అని అడిగేవాణ్ని. కొందరు బొట్టు చూపించేవారు, కొందరు సుద్దగీత, ఒకాయన అద్దం మీద పగులు చూపించాడు. అంకె మార్చడం క్షణం పని. ఆ వేలిని కొత్త చోటికి జరపడానికి మాత్రం ముప్పై రెండు తీసేసే సూత్రమేదీ పనికిరాదు, పక్కన నిలబడి చూపించాల్సిందే. నాకు ఈ సంగతి నేర్పడానికి ముగ్గురు ఆడవాళ్లు నొప్పి పడ్డారు, ఆ ఊసు తలుచుకుంటే ఇప్పటికీ కుదురుగా కూర్చోలేను.

మరుసటి ఏడు ఆయుధ పూజ పొద్దున్నే పైడమ్మ కబురు పంపింది, ఓసారి రమ్మని.  వెళ్లేసరికి అద్దం తళతళా తోమి ఉంది, నా ఎర్రగీత మళ్లీ మాయం. కోపంగా ఏదో అనబోయాను.

"ఉండండి బాబూ" అంది. పండగపూట, లోపల ఒక్క డ్రమ్మూ లేకపోయినా, బర్నరు భగ్గుమంటోంది. ముల్లు లేస్తోంది. కుంకుమలో వేలు ముంచి ఎదురుచూస్తోంది ఆవిడ. నూరు, 112, పాత చోటు దాటింది. 121 మీద ముల్లు నిలబడ్డాక, కాలిపోతున్న ఆ అద్దం మీద బొటనవేలు ఆనించి, చుర్రుమంటున్నా తియ్యకుండా, గుండ్రంగా బొట్టు దిద్దింది. అప్పుడు తీసి, కాలిన వేలు కొంగుకి తుడుచుకుంటూ నా వైపు తిరిగింది.

"సోటు సరేనా, సూడండి" అంది.